నంది కాదు, దూడ

"వస్తువులను తాకరాదు" అని రాసిన బోర్డు ఎక్కడ కనబడినా నాకు ముందు నవ్వొస్తుంది, వెనకాలే కోపమొస్తుంది. మొన్న మనవరాలిని వెంటేసుకుని ఒక మహానగరంలో మ్యూజియానికి పోయాను. ఆ పిల్ల ఒక పాత ఫిరంగి మీద చెయ్యి పెట్టిందో లేదో, మూలన స్టూలు మీద కునికిపాట్లు పడుతున్న కాపలాదారు ఉలిక్కిపడి లేచి, "ఏయ్ పాపా, చెయ్యి తియ్యి!" అని గదమాయించాడు. ఎన్నో యుద్ధాలు చేసొచ్చిన ఫిరంగి నాలుగేళ్ళ పిల్ల అరచేతికి అరిగిపోతుందట! పిల్ల బెదిరిపోయి నా వెనక్కి వచ్చి దాక్కుంది. "అయ్యా, నువ్వు మా నంద్యాల గోడౌనక్క చేతిలో పడాల్సిందయ్యా" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

గోడౌనక్క పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆమెకూ ఒక పేరుంది, రేషన్ కార్డులో. మా వీధిలో ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళను మాత్రం నేను చూడలేదు. నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక కుందూ నది గట్టుకు రోజులు మారాయి. నడకదారి వచ్చింది, దీపాలొచ్చాయి, వాటి వెంట ఐస్‌క్రీం బండ్లొచ్చాయి. ఆమె భర్త వడ్ల వ్యాపారి. వ్యాపారం ఊరి బయటికి మారాక గట్టు మీది పాత గోడౌన్ ఖాళీ పడింది. వరుసగా షాపులు కట్టి బాడుగకిద్దామని ఆయన, పిల్లలకు మ్యూజియం పెడతానని ఆమె. ఇంట్లో ఏం రగడ జరిగిందో తెలియదుగాని, ఒకనాటి పొద్దున గోడౌన్ తలుపు మీద సుద్దముక్కతో రాసి ఉంది: "ముట్టుకోనోళ్లు లోపలికి రావద్దు." అప్పటినుంచి ఆమె గోడౌనక్క అయిపోయింది.

లోపలికి పోవాలంటే ముందు కాటా ఎక్కాలి. మూటలు తూచే పాత ఇనుప కాటా, గుమ్మం పక్కనే ఉండేది. పిల్ల ఎక్కగానే ఆమె రాళ్ళు సర్ది, కళ్ళు చికిలించి, "అర మూట సోనామసూరి! పో లోపలికి" అనేది. ఇంకొకడికి, "ఏందప్పా, చారెడు సెనగలంత కూడా తూగలేదే. సద్ది తినొచ్చినావా ల్యా?" తిరిగి పోయేటప్పుడు మళ్ళీ తూచేది. ఎవరిని తూచినా, "సూడు, లోపలికొచ్చినప్పటికన్నా బరువైనావ్" అనేది. ఇది శుద్ధ అబద్ధం. వ్యాపారి ఇంటి ఇల్లాలు కాటా దగ్గర నిలబడి ఇన్నిసార్లు అబద్ధమాడటం నేనెక్కడా చూడలేదు. పిల్లలు మాత్రం నమ్మి, పొట్ట తడుముకుంటూ ఇంటికి పోయేవాళ్ళు.

పెద్దవాళ్ళకు ఇంకో రూలు. చేతులు వెనక్కి కట్టుకుని నడవాలి. దేన్నయినా ముట్టుకోవాలనిపిస్తే దగ్గర్లో ఉన్న పిల్లనో పిల్లాడినో అడిగి, వాళ్ళు సరే అంటేనే చెయ్యి ముందుకు తేవాలి. ఒకసారి పెద్ద ఆఫీసరొకాయన వచ్చాడు. వెంట నలుగురు జవాన్లు, హడావుడి. ఆమె కాటా దగ్గరినుంచి లేవకుండానే, "సామీ, చేతులెనక్కి" అంది. వెంట వచ్చినవాళ్ళ గుండెలు జారిపోయాయి. ఆయన మంచివాడు, కట్టుకున్నాడు. బావి గిలక దగ్గరికొచ్చేసరికి మనసాగలేదు. "అమ్మా, ఒక్కసారి తిప్పొచ్చా?" అన్నాడు. "నన్నడిగితే ఏం లాభం సామీ? ఆ పిల్లోన్నడుగు." నిక్కరు జారిపోతున్న పిల్లాడొకడు ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి, "నేను తిప్పినాంక" అన్నాడు. ఆఫీసరు వరుసలో నిలబడ్డాడు.

ఇంతకీ ఆ గోడౌన్‌లో ఏముందని? మనింట్లో అటక మీద పడేసినవే. తిరగలి, రోలు, మానిక, సోల, తవ్వ. జట్కా బండి చక్రం. పొట్ట విప్పిన రేడియో. డోన్‌లో లారీల షెడ్డునుంచి ఊడబీకి తెచ్చిన స్టీరింగు, దాని ముందర ఒక సీటు. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కి వంక ఉందని పక్కన పారేసిన రాతి చేతులు, పాదాలు. అవంటే పిల్లలకు ప్రాణం, రాతి పాదం పక్కన తమ పాదం పెట్టి కొలుచుకునేవాళ్ళు. ఆమె పట్టుచీర కట్టినా, నూలుచీర కట్టినా పైన మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా ఒకటి తొడుక్కునేది, పొలం పనికి పోయే ఆడవాళ్ళలాగా. బెరుకుగా నిలబడ్డ పిల్ల ఎవరైనా కనబడితే వచ్చి, మణికట్టు పట్టుకుని, ఆ చేతిని తీసుకెళ్ళి తిరగలి మీదనో రాతి వేళ్ళ మీదనో ఆనించి వదిలేసేది. వివరం ఒక్క ముక్క చెప్పేది కాదు. నేను ఆళ్లగడ్డ స్కూల్లో సోషల్ చెప్పినవాణ్ణి, నోరూరుకోదు. "అక్కా, ఇది ఏ కాలందో, దేనికి వాడేవాళ్ళో చెప్పొద్దా?" అనేవాణ్ణి. "నువ్వు చెప్పాకు సారూ. నువ్వు చెప్తే వాళ్లు నీ మొగం సూస్తారు, రాయిని సూడరు" అనేది. మొహాన కొట్టినట్టు ఉండేది ఆ మాట. అయినా మర్నాడు మళ్ళీ పోయేవాణ్ణి.

ఆమె భర్త రోజూ దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. తెల్లపంచె, భుజాన తువ్వాలు, చేతులు వెనక్కి. ఒక చుట్టు తిరిగి, ఏమీ అనకుండా పోయేవాడు. ఒక్క వస్తువునూ ముట్టుకోగా నేను చూడలేదు. ముట్టుకోవాలంటే పిల్లల్ని అడగాలి కదా. ఊళ్ళో వడ్లకు ధర చెప్పే మనిషి, ముక్కు కారే పిల్లల్ని అనుమతి అడుగుతాడా?

ఇక దూడ సంగతి. పిల్లలు ఎక్కి కూర్చోడానికి రాతిదూడ ఒకటి కావాలని ఆమెకు పట్టుకుంది. ఆళ్లగడ్డలో నాకు తెలిసిన ఆచారికి పని అప్పజెప్పింది. తలపండిన శిల్పి. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి విగ్రహాలు చెక్కుతున్నవాడు, అందులో సగం నందులే. "నంది కాదు ఆచారీ, దూడ. ఇంటి ముందర కట్టేసే దూడ" అని ఆమె ఒకటికి పదిసార్లు చెప్పింది. ఆయన తలూపాడు. రాయి వచ్చింది, లారీ దిగింది, గడ్డి తీసి చూస్తే ఇంకేముంది? మెడలో గంటల పేరు, నిండైన మూపురం, వంపు తిరిగిన కొమ్ములు, ముందుకాలు మడిచి కూర్చున్న తీరు, సాక్షాత్తూ నందే. అదీ చాలదన్నట్టు, మంచి ముహూర్తం చూసి కన్ను కూడా తెరిపించాడట. విగ్రహమంతా అయ్యాక ఆఖరున, స్నానం చేసి, పూజ చేసి కనుపాప చెక్కుతారు. దాంతో రాయి దేవుడవుతుందని వాళ్ళ నమ్మకం.

"ఇదేందప్పా?" అంది ఆమె.

ఆచారి తల గోక్కున్నాడు. "దూడనే మొదలుపెట్టినమ్మా. సెయ్యి దాని దోవన అది పోయింది. ఎప్పుడు సెక్కినా ఇట్లే సెక్కినా గదా."

ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగి నవ్వేసింది. కొన్నాళ్ళు బాగానే గడిచింది. పిల్లలు మూపురం పట్టుకుని ఎక్కడం, కొమ్ములు పట్టుకుని తోలడం, జారడం. తర్వాత కార్తీకమాసం వచ్చింది. సోమవారం పొద్దున కుందూలో స్నానాలు చేసి వస్తున్న ఆడవాళ్ళు తలుపు తెరిచి ఉండటం చూసి తొంగి చూశారు. నంది కనబడింది. ఎవరో పసుపు రాశారు, ఎవరో కుంకుమ పెట్టారు. మరుసటి సోమవారానికి టెంకాయలు, ప్రమిదలు, ఒక హుండీ డబ్బా కూడా వచ్చి చేరాయి. రోజూ సాయంత్రం బడినుంచి నేరుగా వచ్చి దూడెక్కే పిల్లాడొకడు అలవాటుగా కాలు పైకెత్తాడు. వాళ్ళమ్మ వీపు మీద చరిచింది. వాడు ఏడవలేదు. రెండడుగులు వెనక్కి వేసి, చేతులు జోడించి దండం పెట్టుకున్నాడు.

ఆ దండం చూసి ఆమె మొహం నల్లబడిపోయింది. అంతవరకు కుంకుమను సరదాగానే చూసిన మనిషి, వేడినీళ్ళు తెచ్చి, చొక్కా చేతులు మడిచి, సీకాయపొడితో నందిని మొహం నుంచి తోకదాకా తోమి కడిగింది. మర్నాడు పొద్దున మళ్ళీ కుంకుమ. మళ్ళీ కడిగింది. అట్లా ఆ మాసమంతా నడిచింది. పెట్టేవాళ్ళూ మానలేదు, ఈమె కూడా మానలేదు.

మా వీధిలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. తాతలనాటి భూములు, మాటకు విలువ. ఆయన వచ్చి కూర్చున్నాడు. "సూడమ్మా, నంద్యాల సుట్టూరా తొమ్మిది నందులుండాయి. ఇది పదోది. మన వీధి అదృష్టం. పిల్లోళ్ల కాళ్లు తగలకుండా సుట్టూ ఇనుప గ్రిల్లు ఏయిస్తా. పైన చిన్న మంటపం. ఖర్చంతా నాది."

"తొమ్మిది సాలవా అన్నా?" అంది ఆమె. "పిల్లోళ్లకు ఒక్క దూడ గూడా వద్దా?"

"కన్ను తెరిపించిన దేవుని మీద కాలేసి ఎక్కిస్తావా? నీకు భక్తి ల్యా?"

"మహానందికి పోతే నేనూ చేతులు కట్టుకోనే నిలబడతానన్నా. ఈడ కాదు. ఈ పొద్దు గ్రిల్లంటాండావ్. రేపు పూజారొస్తాడు. ఎల్లుండి అరుస్తే దేవునికి కష్టమని పిల్లోళ్లను గోడౌన్ బయటే నిలబెడతారు. నాకు తెల్దా?"

భర్త కూడా ఆయన వైపే మాట్లాడాడు. పాపం, ఆయన భయం ఆయనది. "దేవునితో పెట్టుకుంటాండావే. వ్యాపారం మీద పడితే ఏం జేస్తావ్?" అన్నాడు. ఆమె బదులు చెప్పలేదు. బదులు చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని మగవాళ్ళిద్దరూ అనుకున్నారు. అక్కడే పొరబడ్డారు.

ఆ శనివారం మధ్యాహ్నం నేను ఆళ్లగడ్డ బస్సు దిగి గట్టు మీదికి వచ్చేసరికి గోడౌన్ ముందు గుంపు. ట్రాలీ ఆటోలో గ్రిల్లు, పక్కన వెల్డింగు చేసే అబ్బి. లోపల నంది మీద గోడౌనక్క! ఒక పక్కకు కాళ్ళు వేసి, మూపురానికి ఆనుకుని, ఒళ్ళో పేపరు పొట్లం పెట్టుకుని ఉగ్గాని తింటోంది. అరవై దాటిన మనిషి, వ్యాపారుల ఇంటి పెద్దకోడలు. వీధి ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి.

"దిగమ్మా! పాపం!" అన్నాడు పెద్దమనిషి.

"పాపమైతే నాకే గదన్నా, నీకేం వచ్చె? ఏ సారూ, వస్తివా? బేగా పోయి నాలుగు మిరపకాయ బజ్జీలు పట్టుకరా. ఈయప్పకు గూడా." ఈయప్ప అంటే వెల్డింగు అబ్బి. అతను బజ్జీ తిని, చెయ్యి తుడుచుకుని, "అక్క దిగేదాకా కొలతకు రాదు సామీ" అని గ్రిల్లు వెనక్కి తీసుకుపోయాడు.

రోజూ నంది మీద కూర్చోలేమని ఆమెకూ తెలుసు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆళ్లగడ్డకు బయలుదేరింది. ఆచారి షెడ్డు రోడ్డు వారనే ఉంటుంది. వరుసగా దేవుళ్ళు, వాళ్ళ మీద తెల్లటి రాతిపొడి, కన్ను తెరవనివాళ్ళే అంతా. ఆచారికి అప్పటికే కబురు తెలిసినట్టుంది. మమ్మల్ని చూడగానే ఉలి పక్కన పెట్టాడు.

"అమ్మా, నువ్వు ఏమడగొస్తివో నాకు తెల్సు. అవయవం పోయిన విగ్రహాన్ని ఎవురూ పూజ సెయ్యరు. ఒక చెవి కొట్టేస్తే నీ పని అయితాది. నేను కొట్టను. నా చేత్తో కన్ను తెరిపించిన దాన్ని నా చేత్తో కుంటిదాన్ని సెయ్యను. గుంటూరునుంచో యాడనుంచో ఇంకొకర్ని పిల్చుకో."

ఆయన ఉలిని తీసి గుడ్డలో చుట్టేశాడు. కోపంతో కాదు.

ఆమె ఒక దేవత పీఠం అంచున కూర్చుంది. ఆ దేవత పాదం మీది రాతిపొడిని కొంగుతో తుడిచింది. తర్వాత అంది: "కొట్టేయమని ఎవురన్నారప్పా? నా దూడను నేను కుంటిదాన్ని చేయమంటానా? చిన్నది చేయమంటాండా."

"చిన్నది అంటే?"

"నువ్వు నాకు పెద్దెద్దునిస్తివి. నేనడిగింది దాని పిల్లతనం. ఆ కొమ్ములు తగ్గించు, మొలకలంత ఉంచు. మూపురం దించు. మెడలో గంటలు తీసేయ్, తాడు చాలు. దూడకు గంటలెందుకు? రాతికి అతుకెయ్యలేం గాని, తీసేయొచ్చు గదా. తీస్తా పో. దూడ దొరికేదాకా తీయ్."

ఆచారి ఆమె వైపు చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన చెయ్యి గాలిలో కదలడం మొదలుపెట్టింది, బొటనవేలితో మూపురం వంపు కొలుస్తున్నట్టు. నాకు అప్పుడే తెలిసిపోయింది ఆయన ఒప్పుకున్నాడని.

"కన్ను మాత్రం మూయలేనమ్మా" అన్నాడు.

"మూయమని ఎవురన్నారు? సూడనీ. పిల్లోళ్లు ఆడుకుంటాంటే సూడడానికి దేవునికి మాత్రం రెండు కండ్లు వద్దా?"

ఆ పై ఆదివారం ఆచారి వచ్చాడు. స్నానం చేసి, ఉలికి బొట్టుపెట్టి, నంది చెవిలో ఏదో చెప్పుకుని పని మొదలుపెట్టాడు. వీధి వీధంతా వచ్చి నిలబడింది. పెద్దమనిషి కుర్చీ తెప్పించుకుని ఎదురుగా కూర్చున్నాడు. పిల్లలు సుద్దగీత వెనకాల. ముందు కొమ్ములు చిన్నవయ్యాయి. తర్వాత మూపురం దిగింది. ఒక్కో గంట రాలుతుంటే మెడ సన్నబడి, మొహంలోకి బిత్తరచూపు వచ్చింది. అవే కళ్ళు, వాటిని ఉలి తాకనేలేదు, అయినా చూపు మారిపోయింది. నందికి వయసు తగ్గిపోతుంటే మేమందరం నోళ్ళు తెరుచుకుని చూశాం. గుంపులో ఒక ముసలామె, "అయ్యో నా బంగారు, పాలకొచ్చినట్టుండాది" అంది. ఆ మాటతో పని పూర్తయిందని ఆచారి ఉలి దించాడు.

"ఇంక దీనికి ప్రతిష్ఠ, పూజ లేదు సామీ" అన్నాడు పెద్దమనిషితో. "నంది లక్షణాలు ఒక్కటీ లేవు. చిన్నపిల్ల. ఆడుకోనీండి."

పెద్దమనిషి ఏమంటాడోనని అందరం చూస్తున్నాం. గోడౌనక్క కిందికి వంగి, పగలకుండా రాలిన రాతిగంట ఒకదాన్ని ఏరి, చొక్కాతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది. "అన్నా, నంది నీ ఇంటికొస్తాంది. దూడ నాకాడ ఉంటాది." ఆయన గంటను అటూ ఇటూ తిప్పి చూశాడు. జేబులో వేసుకుని లేచాడు. అది ఇప్పటికీ ఆయన దేవుని గదిలో ఉంది. రోజూ పూజ చేస్తాడు. ఆయన మనవరాళ్ళు మాత్రం దూడ దగ్గరే ఉంటారు.

మొన్నటి వానాకాలంలో ఆమె పోయింది. జ్వరమన్నారు, ఆస్పత్రి అన్నారు, అంతలోనే అయిపోయింది. పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక నాకు కాళ్ళు నిలవక గోడౌన్‌కు పోయాను. గుమ్మంలోనే ఆగిపోయాను. దూడ వీపు మీద ఆమె ఫోటో. పెద్ద పూలదండ, ముందు అగరొత్తులు, అద్దం మీద కుంకుమ, దూడ నుదుటి మీద కుంకుమ. ఎవరో బంధువులు మంచి మనసుతోనే పెట్టారు. పిల్లలు అందరూ వచ్చారు. గోడ వారన వరుసగా, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరూ కాటా ఎక్కలేదు. ఆమె ఇన్నేళ్ళు ఏ పూజను వద్దని పోట్లాడిందో, ఆ పూజలోకే ఆమెను తెచ్చి కూర్చోబెట్టారనిపించింది. తీసేద్దామంటే నేనెవరిని?

అప్పుడు ఆమె భర్త వచ్చాడు. గుండు, తెల్లపంచె, చేతులు వెనక్కి. ఎప్పటిలాగే ఒక చుట్టు తిరిగాడు. దూడ ముందర ఆగాడు. గోడ దగ్గర నిలబడ్డ పిల్లల్లో అందరికన్నా చిన్నది, పావడా కట్టుకున్న పిల్ల, దాని దగ్గరికి పోయి వంగాడు.

"పాపా, నేను ముట్టుకోవచ్చునా?"

ఆ పిల్ల ఆలోచించి, "ఊ" అంది.

ఆయన చేతులు ముందుకు వచ్చాయి. ఫోటో తీసి నాకందించాడు. భుజం మీది తువ్వాలుతో దూడ నుదుటి మీది కుంకుమ తుడిచాడు. కొమ్ముల సందు, చెవుల వెనక, ఆమె కడిగినట్టే శ్రద్ధగా తుడిచాడు. ఆ పిల్లను ఎత్తి దూడ మీద కూర్చోబెట్టాడు. ఏడుస్తూనే ఉన్నాడు, దాచుకోలేదు.

షాపులు కట్టలేదు. ఇప్పుడు కాటా దగ్గర ఆయనే కూర్చుంటున్నాడు. వడ్లు తూచిన చేతుల్తో పిల్లల్ని తూచి, బరువైనారని అబద్ధాలు చెబుతున్నాడు. ఆమె ఫోటోను దండ లేకుండా కాటా పక్కన తగిలించాడు, పిల్లల చేతికందేంత కిందికి. పోయిన వారం పోయి చూస్తే అద్దమంతా వేలిముద్రలు. పల్లీచిక్కీ జిడ్డు, బురద, ముక్కు మీద ఒక పూర్తి అరచెయ్యి. ఆమె మొహం సరిగా కనబడటమే లేదు. ప్రాణం ఉసూరుమని జేబులోంచి చేతిరుమాలు తీశాను.

"సారూ, చేతులెనక్కి" అన్నాడాయన, కాటా దగ్గరినుంచి లేవకుండానే. "పిల్లోళ్లనడిగినావా?"